తుంటి దగ్గర స్ట్రెస్ ఫ్రాక్చర్, చేతిలో ఎల్బో క్రచెస్: రన్నర్ల కోసం ఒక పొడుగాటి రివ్యూ

ఆన్‌లైన్‌లో క్రచెస్ రివ్యూలు ఎప్పుడైనా చదివారా, అన్నీ ఒకటే టైపు. "మా నాన్నగారి కోసం తీసుకున్నాం, స్ట్రాంగ్‌గా ఉన్నాయి, డెలివరీ ఫాస్ట్, ఫైవ్ స్టార్స్." అంతే, అయిపోయింది. కొన్నవాళ్లు రాసినవే అన్నీ, వాడిన మనిషి రాసింది వెతికినా దొరకదు. అందులోనూ ఇరవైల్లో ఉండి, రోజూ పరిగెత్తే మనిషికి తుంటి దగ్గర ఎముక చిట్లి వారాల తరబడి వీటి మీదే బతకాల్సొస్తే ఎలాంటివి కొనాలి, ఎలా సెట్ చేసుకోవాలి, ఏది అస్సలు కొనకూడదు అన్నది ఎక్కడా లేదు. అందుకే నేనే రాస్తున్నా. పెద్దగానే ఉంటుంది మరి, కానీ ఇది చదువుతున్నారంటే మీరూ మంచం మీదే ఉండి ఉంటారు కాబట్టి టైమ్‌కి లోటేం ఉండదు.

నేను వాడినవి మామూలు అల్యూమినియం ఎల్బో క్రచెస్ జత. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే తిట్టేవి కూడా ఉన్నాయి, పైగా ఇదే డిజైన్‌ని బోలెడు పేర్లతో అమ్ముతున్నారు. ముంజేతిని పట్టుకునే ప్లాస్టిక్ కఫ్, ముందు వైపు ఓపెన్‌గా ఉంటుంది, దాని కింద గట్టి ప్లాస్టిక్ హ్యాండిల్, ఇంకా కిందకి స్ప్రింగ్ బటన్ నొక్కి ఎత్తు మార్చుకునే గొట్టం, చివర బూడిద రంగు రబ్బరు బుష్. ఇంతే సంగతి.

ముందు నా కేసు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నాది ఫెమొరల్ నెక్ స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే దెబ్బ తగలకుండానే, పదే పదే పడే లోడ్‌కి ఎముక చిట్లడం. తొడ ఎముకకి పైన గుండ్రటి తల ఉంటుంది, అది తుంటి గిన్నెలో కూర్చుంటుంది, ఆ తలకీ కింద పొడుగాటి ఎముకకీ మధ్యలో ఏటవాలుగా ఒక మెడ ఉంటుంది, నాకు చిట్లింది అక్కడ. పడలేదు, ఎవరూ గుద్దలేదు. హాఫ్ మారథాన్ ట్రైనింగ్‌లో ఉండగా గజ్జల్లో ఏదో లాగినట్టు మొదలైంది, పరిగెత్తితే వచ్చేది, ఆపితే పోయేది. తర్వాత తర్వాత నడిచినా వచ్చేది, ఆ తర్వాత రాత్రి పక్క మీద దొర్లినా వచ్చేది. ఒక్కోసారి తొడ ముందు భాగంలో, ఒక్కోసారి మోకాలి దగ్గర కూడా. మోకాలి నొప్పి అని వెళ్లి మోకాలికే ట్రీట్‌మెంట్ తీసుకునేవాళ్లు ఉంటారట, అసలు గొడవంతా పైన తుంటిలో.

మొదట చూపించుకున్న చోట కండరం పట్టేసింది అన్నారు, స్ట్రెచింగ్ ఇచ్చారు. ఎక్స్‌రే తీస్తే క్లీన్‌గా వచ్చింది. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్తా, ఈ ఫ్రాక్చర్ మొదటి వారాల్లో ఎక్స్‌రేలో చాలామందికి కనిపించదు. కనిపించలేదు అంటే లేదు అని కాదు. ఎంఆర్ఐలో అయితే ఎముక లోపల మూలుగలో చేరిన వాపు తెల్లగా వెలుగుతూ కనిపిస్తుంది, గీత పడకముందే పట్టేస్తుంది. ఇంకో డాక్టర్ గారి దగ్గరకి వెళ్తే ఆయన నన్ను పడుకోబెట్టి మోకాలు మడిచి పాదాన్ని మెల్లగా బయటకి తిప్పారు, అంటే తుంటి లోపలికి తిరుగుతుంది, ఆ చివర్లో నాకు ప్రాణం పోయినంత పని అయింది. వెంటనే ఎంఆర్ఐ రాశారు, రిపోర్ట్ వచ్చేదాకా ఆ కాలు మీద బరువు పెట్టొద్దు అన్నారు. ఒంటికాలి మీద గెంతి చూపించమని అడగలేదు, అది కూడా కరెక్టే, తుంటి మెడ మీద డౌట్ ఉన్నప్పుడు గెంతించకూడదు, చిన్న చిట్లు కాస్తా పూర్తిగా విరిగిపోతే ఎవరు బాధ్యులు.

ఎంఆర్ఐ బొమ్మ స్క్రీన్ మీద పెట్టి ఆయన పెన్నుతో చూపించింది ఇప్పటికీ గుర్తుంది. మెడకి రెండు అంచులు. మనం నిలబడినప్పుడు పై అంచు సాగుతుంది, కింది అంచు నొక్కుకుంటుంది. పై అంచులో చిట్లితే బరువు పడ్డ ప్రతిసారీ ఆ చీలిక నోరు తెరుచుకుంటూ పోతుంది, దాన్ని టెన్షన్ సైడ్ అంటారు, అది దొరికితే ఇంటికి కూడా పంపరు దాదాపు, త్వరగా స్క్రూలు వేసేస్తారు. కింది అంచులో అయితే బరువు పడ్డప్పుడు రెండు వైపులా దగ్గరకి నొక్కుకుంటాయి కాబట్టి కాస్త నయం, అది కంప్రెషన్ సైడ్. గీత మెడ వెడల్పులో సగం కన్నా తక్కువ ఉంటే ఆపరేషన్ లేకుండా చూడొచ్చు, సగం దాటితే దానికీ స్క్రూలే. నాది కింది అంచు, సగం లోపే. ఒకవేళ పూర్తిగా విరిగి జరిగితే తలకి రక్తం తీసుకెళ్లే నాళాలు ఆ మెడ మీదుగానే పాకుతూ వెళ్తాయి కదా, అవి తెగితే తల భాగం రక్తం అందక చచ్చిపోతుంది, ఎవాస్క్యులర్ నెక్రోసిస్ అంటారు, ఇరవైల్లో తుంటి మార్పిడి దాకా వెళ్లే ఛాన్స్ ఉంటుంది.

ఇంత చెప్పి ఆయన రాసిచ్చిన మందు ఏంటంటే, ఈ రెండు అల్యూమినియం గొట్టాలు. నిజంగా అంతే. నొప్పి ఎక్కువైతే పారాసెటమాల్ వేసుకోమన్నారు, ఇబుప్రొఫెన్ లాంటివి మాత్రం మానేయమన్నారు, ఎముక అతుక్కోవడానికి అవి అడ్డుపడొచ్చని. నొప్పి తెలియకుండా చేసుకుంటే మనం ఎంత లోడ్ వేస్తున్నామో కూడా తెలియదు కదా, నాకు అదే పెద్ద పాయింట్ అనిపించింది.

సో ఇక అసలు రివ్యూలోకి.

మొదటి ప్రశ్న, చంక కర్రలా ఎల్బోనా. మెడికల్ షాపులో అడగ్గానే చంక కర్రలే చేతిలో పెడతారు, హాస్పిటల్ వాళ్లూ అవే ఇస్తారు. నేను మొదట అవే వాడాను. వాటితో బాలెన్స్ త్వరగా వస్తుంది, అది ఒప్పుకోవాలి, మొదటిరోజే నడిచేయొచ్చు. కానీ అలిసిపోయినప్పుడు తెలియకుండానే చంక మీద వేలాడతాం. అలా వేలాడితే చంకలోంచి వెళ్లే రేడియల్ నరం నలిగి, మణికట్టు పైకి లేవకుండా వేలబడిపోయే పరిస్థితి రావచ్చు, క్రచ్ పాల్సీ అని దానికి పేరే ఉంది. పైన కుషన్‌కీ చంకకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి, బరువంతా అరచేతుల మీదే పడాలి. ఈ ముక్క అమ్మేవాళ్లు ఒక్కరూ చెప్పరు. నాకు చేతివేళ్లలో తిమ్మిర్లు మొదలయ్యేసరికి ఫిజియో అక్క చూసి "అవి పక్కన పడేసి ఎల్బోవి తెచ్చుకో" అంది.

ఎల్బో వాటికి మారాక మొదటి రెండు మూడు రోజులు మాత్రం నరకం, అబద్ధం చెప్పను. పైన ఆనుకోవడానికి ఏమీ ఉండదు, ట్రైసెప్స్ మండిపోతాయి, బాలెన్స్ అటూ ఇటూ. కానీ మనలాంటి వయసులో, చేతుల్లో కాస్త బలం ఉన్నవాళ్లకి ఇవే కరెక్ట్ అని నా గట్టి అభిప్రాయం. మెట్ల దగ్గర, ఇరుకు గుమ్మాల దగ్గర చాలా తేలిక, కఫ్ చేతికే వేలాడుతుంది కాబట్టి తలుపు తీయడానికి కర్ర ఎక్కడో ఆనించక్కర్లేదు. పెద్దవాళ్లకి, చేతుల్లో పట్టు లేనివాళ్లకి ఇవి రికమెండ్ చేయను, అది వేరే కథ.

ఇప్పుడు అందరూ ఇచ్చే ఒక సలహా గురించి. "అవన్నీ ఎందుకు, మోకాలు ఆనించి తోసుకుంటూ వెళ్లే స్కూటర్ కొనుక్కో" అని, లేదా "కాలికి కట్టుకునే హ్యాండ్స్ ఫ్రీ క్రచ్ ఉంది, చేతులు ఖాళీగా ఉంటాయి" అని. వీడియోలు చూస్తే అవి భలే ఉంటాయి, నాకూ నోరూరింది. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి, ఆ రెండింట్లోనూ బరువు మోకాలి మీద పడుతుంది, మోకాలి మీద పడ్డ బరువు ఎటు వెళ్తుంది, తొడ ఎముకలోంచి నేరుగా తుంటికే. అవి పాదం, చీలమండ, మోకాలి కింది ఎముకల దెబ్బలకి చేసినవి. తొడ ఎముక ఫ్రాక్చర్ ఉన్నవాళ్లు వాటిని వాడితే ఏ చోటుకి రెస్ట్ ఇవ్వాలో సరిగ్గా ఆ చోటునే తొక్కుతున్నట్టు. ప్రొడక్ట్ పేజీలో ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో "మోకాలి కింది గాయాలకు మాత్రమే" అని ఉంటుంది, అది పెద్దగా రాయొచ్చు కదా, రాయరు.

సెట్టింగ్ విషయానికొస్తే, డబ్బాలో వచ్చిన కాగితం మీద మన ఎత్తుకి ఎన్నో కన్నం అని ఒక టేబుల్ ఉంటుంది, దాన్ని నమ్మకండి. రోజూ వేసుకునే బూట్లు వేసుకుని, నిటారుగా నిలబడి, చేతులు కిందకి వదిలేయాలి, హ్యాండిల్ మణికట్టు మడత దగ్గరకి రావాలి. పట్టుకున్నాక మోచేయి కొంచెం వంగి ఉండాలి, 20 నుంచి 30 డిగ్రీలు అంటారు. కఫ్ మోచేయికి ఒక 3 సెంటీమీటర్లు కిందుగా. నా దాంట్లో కింద గొట్టానికి మాత్రమే కన్నాలు ఉన్నాయి, కఫ్ ఎత్తు ఫిక్స్‌డ్. నా ముంజేయి కొంచెం పొట్టి, దాంతో కఫ్ అంచు సరిగ్గా మోచేతి ఎముకకి కొట్టుకునేది, వారం తిరక్కుండా అక్కడ నల్లగా కమిలింది. కాబట్టి కొనేటప్పుడు పైనా కిందా రెండు చోట్లా అడ్జస్ట్ అయ్యేది చూసి తీసుకోండి, ఇది నా మొదటి కంప్లైంట్.

రెండో కంప్లైంట్ హ్యాండిల్. గుండ్రటి గట్టి ప్లాస్టిక్. శరీరం బరువంతా ఆ సన్నటి గుండ్రం మీద, అరచేతిలో సరిగ్గా మణికట్టు దగ్గరున్న మెత్తటి భాగం మీద పడుతుంది, చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కేవి. చేతులు ముందు బొబ్బలెక్కాయి, తర్వాత కాయలు కాశాయి. సైక్లింగ్ గ్లోవ్స్ వేసుకుంటే చాలా రిలీఫ్, ఇది ఫిజియో అక్క ఐడియానే. అరచేయి ఆకారంలో వెడల్పుగా ఉండే ఎర్గో హ్యాండిల్ మోడల్స్ ఉన్నాయి, వాటికి కుడి ఎడమ వేరువేరుగా ఉంటాయి, ఒకసారి వేరేవాళ్లవి పట్టుకుని చూశా, తేడా మామూలుగా లేదు. వారం పది రోజుల పనైతే మామూలు హ్యాండిల్ చాలు గానీ ఈ ఫ్రాక్చర్‌కి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది కాబట్టి హ్యాండిల్ మీద కక్కుర్తి వద్దు.

సౌండ్ గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తా. స్ప్రింగ్ బటన్ కన్నంలో కొంచెం లూజుగా ఉంటుంది, దాంతో ప్రతి అడుగుకీ టక్ టక్ టక్. ఆఫీసులో నేను వస్తున్నానని రెండు గదుల అవతలికి తెలిసేది. గొట్టం జాయింట్ దగ్గర బిగించే ప్లాస్టిక్ క్లిప్ ఉన్న మోడల్ అయితే ఈ సౌండ్ తగ్గుతుంది, నాకు క్లిప్ రాలేదు, టేపు చుట్టి మేనేజ్ చేశా.

రబ్బరు బుష్ మాత్రం సీరియస్ విషయం. కొత్తలో కింద గుండ్రటి గాడులు ఉంటాయి, అవి అరిగి నున్నగా అయిపోతే తడి నేల మీద జారుతుంది. ఒకవైపే ఎక్కువ అరగడం మొదలైందంటే మీరు కర్రని ఏటవాలుగా వేస్తున్నారని, ఎత్తు సెట్టింగ్ మళ్లీ చూసుకోవాలి. వారానికోసారి తిప్పి చూడటం అలవాటు చేసుకోండి. బాత్రూమ్ నేల ముందు తుడిచి అప్పుడు అడుగు పెట్టండి, ఈ మెడ ఫ్రాక్చర్ ఉన్న మనిషి జారి పడితే జరిగేదేంటో పైన చెప్పాను కదా.

ఇప్పుడు నాకు ఈ మొత్తంలో బాగా ఆశ్చర్యమనిపించిన ముక్క. బరువు పెట్టొద్దు అన్నారు కదా అని నేను కాలిని గాల్లో ఎత్తి పట్టుకుని గెంతుతూ నడిచేదాన్ని, అదే సేఫ్ అనుకుంటాం కదా ఎవరైనా. ఫిజియో అక్క చూసి ఆపేసింది. కాలు గాల్లో ఆగాలంటే తుంటి చుట్టూ ఉన్న కండరాలు దాన్ని లాగి పట్టుకోవాలి, ఆ లాగుడంతా మళ్లీ తుంటి జాయింట్ మీదే పడుతుంది, అంటే నేల తాకకపోయినా ఎముక లోడ్ మోస్తూనే ఉంటుంది. దానికన్నా పాదాన్ని మామూలుగా నేల మీద ఆనించి, బరువు మాత్రం వేయకుండా, మామూలు నడకలాగే మడమ నుంచి వేళ్ల దాకా తిప్పుతూ వెళ్తే తుంటి మీద లోడ్ ఇంకా తక్కువ. "కాలి కింద గుడ్డు ఉందనుకో, పగలకూడదు" అంది. దీన్ని టచ్ డౌన్ వెయిట్ బేరింగ్ అంటారట. మీ డాక్టర్ మీకు ఏది చెప్పారో అదే చేయండి, పూర్తిగా ఎత్తి పెట్టమంటే ఎత్తే పెట్టండి, కానీ ఈ తేడా ఉందని తెలుసుకుని అడగండి, నన్నడిగితే ఈ ఒక్క ప్రశ్న క్రచెస్ బ్రాండ్ కన్నా ముఖ్యం.

అసలు తుంటి మీద ఎంత లోడ్ పడుతుందో తెలిస్తే కళ్లు తిరుగుతాయి. మామూలుగా నడిచినప్పుడే శరీరం బరువుకి రెండు, రెండున్నర రెట్లు, ఎందుకంటే ఒంటికాలి మీద ఉన్న క్షణంలో నడుము పక్కకి ఒరిగిపోకుండా తుంటి పక్క కండరాలు గట్టిగా లాగుతాయి, ఆ ఫోర్స్ కూడా కలుస్తుంది. జాగింగ్‌కి అది ఇంకా బాగా పెరుగుతుంది. రోజుకి వేల అడుగులు.

ఇదే లెక్కతో చివర్లో ఒక్క కర్రకి దిగినప్పుడు ఏ చేత్తో పట్టుకోవాలో కూడా అర్థమవుతుంది. దెబ్బతిన్న కాలికి ఎదుటి చేతిలో. కుడి తుంటి అయితే ఎడమ చేయి. అందరూ నొప్పున్న వైపే పట్టుకుంటారు, సినిమాల్లో కూడా అంతే, అది తప్పు, ఎదుటి చేత్తో నొక్కితేనే ఆ పక్క కండరాలకి పని తగ్గుతుంది. ఇంక మెట్ల దగ్గర, ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, తర్వాత రెండో కాలు, క్రచెస్. దిగేటప్పుడు క్రచెస్, దెబ్బతిన్న కాలు ముందు. రెయిలింగ్ ఉంటే ఒక చేత్తో అది పట్టుకుని రెండు కర్రలూ ఇంకో చేతిలో. ఎల్బో క్రచెస్‌లో రెండోదాన్ని పట్టుకోవడం తేలిక, అదొక ప్లస్.

బరువు కొంచెం కొంచెంగా పెంచే స్టేజిలో ఇంట్లో బరువు చూసుకునే మెషిన్ చాలా పనికొచ్చింది. క్రచెస్ మీద నిలబడి, ఆ కాలు మెషిన్ మీద పెట్టి, డాక్టర్ చెప్పిన నంబర్ వచ్చేదాకా నొక్కి, ఆ ఫీల్‌ని గుర్తుపెట్టుకోవాలి. నేను ఊహించుకున్న పది కిలోలకీ మెషిన్ మీద కనిపించిన పది కిలోలకీ సంబంధమే లేదు. పెంచాక నొప్పి వస్తే వెనక్కి ఒక మెట్టు దిగాలి, రూల్ సింపుల్, పాటించడం కష్టం.

ఇది ఎవరికి వస్తుంది అన్నది కూడా కాస్త చెప్పాలి, లేకపోతే క్రచెస్ వదిలేసి మళ్లీ అక్కడికే వచ్చేస్తారు. ఎముక రోజూ తనని తాను రిపేర్ చేసుకుంటూనే ఉంటుంది, లోడ్ పెంచగానే ముందు పాతదాన్ని తవ్వే కణాలు పనిలోకి దిగుతాయి, కొత్తది కట్టే కణాలు నిదానంగా వెనకాల వస్తాయి, ఈ గ్యాప్‌లో, అంటే ట్రైనింగ్ పెంచిన మొదటి నెల చుట్టుపక్కల, ఎముక మామూలు కన్నా వీక్‌గా ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు అప్పటికే సెట్ అయిపోయి ఇంకా లాగించు అంటుంటాయి, ఎముక మాత్రం వెనకబడి ఉంటుంది. అందుకే కొత్తగా ఆర్మీలో చేరినవాళ్లకి, సడెన్‌గా దూరం పెంచిన రన్నర్లకి, డాన్సర్లకి ఎక్కువ. ఆ మాటకొస్తే దీన్ని మొదట గమనించింది కూడా సైన్యంలోనే, 1855లో ప్రష్యా సైన్యం డాక్టర్ బ్రైట్‌హాప్ట్ మార్చింగ్ చేసే సైనికుల పాదాల వాపు గురించి రాశాడు, అప్పటికి ఎక్స్‌రే కూడా లేదు, అది వచ్చింది 1895లో.

అమ్మాయిలైతే ఇంకో యాంగిల్ ఉంది. ఎంఆర్ఐ చూశాక డాక్టర్ గారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తావని కాదు, "పీరియడ్స్ టైమ్‌కి వస్తున్నాయామ్మా" అని. పరిగెత్తే దానికి సరిపడా తినకపోతే శరీరం ముందు కోసేసే ఖర్చుల్లో హార్మోన్లు ఒకటి, పీరియడ్స్ గాడి తప్పుతాయి, ఈస్ట్రోజన్ తగ్గుతుంది, ఎముక పలచబడుతుంది. ముందు దీన్ని అమ్మాయిల సమస్యగానే చూసేవాళ్లు, 2014లో ఇంటర్నేషనల్ ఒలింపిక్ కమిటీ నిపుణులు రెడ్-ఎస్ (ఆటలాడేవాళ్లలో శక్తి లోటు) అనే పేరుతో మగవాళ్లని కూడా కలిపేశారు, తక్కువ తిని ఎక్కువ కష్టపడితే అబ్బాయిల ఎముకలూ అంతే. పీరియడ్స్ నెలల తరబడి ఆగిపోతే "ట్రైనింగ్ హార్డ్‌గా చేస్తున్నా కదా, నార్మలే" అని జిమ్‌లో చెప్పేవాళ్ల మాట వినకండి, అది నార్మల్ కాదు. విటమిన్ డి టెస్ట్ కూడా చేయించారు. అమెరికా నేవీలో ట్రైనింగ్‌లో ఉన్న అమ్మాయిలకి రోజూ కాల్షియం 2000 మిల్లీగ్రాములు, విటమిన్ డి 800 యూనిట్లు ఇచ్చి చూసిన ఒక స్టడీ 2008లో వచ్చింది, ఇచ్చినవాళ్లలో స్ట్రెస్ ఫ్రాక్చర్లు 20 శాతం తక్కువ. అలాగని మీరు వెళ్లి డబ్బాలు కొనేయకండి, బ్లడ్ టెస్ట్ చూసి డాక్టర్ చెప్పిన డోసే.

తొడ ఎముకలో మెడ కాకుండా కింద పొడుగాటి భాగంలో, అంటే షాఫ్ట్‌లో చిట్లినవాళ్లు కూడా ఉంటారు, వాళ్ల నొప్పి తొడ మధ్యలో ఎక్కడో మొద్దుగా ఉంటుంది, వేలు పెట్టి ఇక్కడ అని చూపించలేరు. డాక్టర్ టేబుల్ అంచున కూర్చోబెట్టి తొడ కింద చేయి పెట్టి మోకాలిని కిందకి నొక్కి చూస్తారు, ఫల్క్రమ్ టెస్ట్ అది. మెడతో పోలిస్తే ఎక్కువ భాగం ఆపరేషన్ లేకుండానే మానిపోతాయి, క్రచెస్ రోజులూ తక్కువ ఉండొచ్చు. వాళ్లకి మామూలు మోడల్ చాలు, పైన చెప్పిన హ్యాండిల్ గోల అంత అవసరం లేదు.

క్రచెస్ మీద ఉన్నన్నాళ్లూ ఫిట్‌నెస్ పోతుందని భయపడేవాళ్లకి, డాక్టర్ ఓకే అన్నాక నీళ్లలో బెల్టు కట్టుకుని పాదాలు అడుగు తాకకుండా పరిగెత్తడం ఉంది, బోర్ కొడుతుంది, కానీ గుండెకి పని ఉంటుంది, తుంటికి దెబ్బ ఉండదు. నేను చేశా. చుట్టూ ఉన్నవాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. పూల్ అంచుదాకా క్రచెస్‌తో వెళ్లేటప్పుడు మాత్రం బుష్ సంగతి మళ్లీ గుర్తుచేస్తున్నా. నేల మీద మళ్లీ పరిగెత్తడం అనేది నడకలో నొప్పి పూర్తిగా పోయి, తుంటి కండరాలు బలం పుంజుకుని, డాక్టర్ సరే అన్నాకే, తుంటి మెడ కేసుల్లో దానికి మూడు నుంచి ఆరు నెలలు పట్టడం మామూలే. మొదట నడక మధ్యలో ఒక్కో నిమిషం పరుగు, అలా.

రేటింగ్ అంటే, ఎల్బో క్రచెస్ అనే ఐడియాకి 5కి 5. నేను వాడిన ఈ మోడల్‌కి 5కి 3 ఇస్తా. గొట్టం స్ట్రాంగ్, బరువు తక్కువ, ఇన్ని వారాలు నా మొత్తం బరువు మోసినా ఎక్కడా వంగలేదు, అందులో వంక పెట్టను. కఫ్ ఎత్తు మారకపోవడానికి ఒక పాయింట్ కట్, హ్యాండిల్‌కీ టక్ టక్‌కీ కలిపి ఇంకోటి. కొనేటప్పుడు అడగాల్సినవి నా లెక్కలో ఇవి: పైనా కిందా రెండు చోట్లా అడ్జస్ట్ అవుతుందా, వెడల్పాటి హ్యాండిల్ ఉందా, జాయింట్ దగ్గర క్లిప్ ఇస్తారా, మీ బరువు దాని లిమిట్‌లో ఉందా. బుష్ విడిగా దొరుకుతుందో లేదో కూడా అప్పుడే కనుక్కోండి, గొట్టం వ్యాసం మోడల్‌కీ మోడల్‌కీ మారుతుంది, నాకు మొదట తెచ్చిన జత లూజైపోయి ఊడిపోయేది, పాత బుష్ చేతిలో పట్టుకెళ్లి దానికి మ్యాచ్ చేసి తెచ్చుకోమని ఇంట్లోవాళ్లకి చెప్పాల్సొచ్చింది.